వాకిట్లో కారవాన్‌కి కరెంటు పాయింట్: ఎమ్‌సీబీ ఒక్కటే ఎందుకు చాలదు

పండక్కి శ్రీకాకుళం వైపు పల్లెలకి వచ్చే బళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి కారవాన్ కూడా కనబడుతోంది. టెంపో ట్రావెలర్ లాంటి వ్యాన్ తీసుకుని, లోపల రెండు పడకలు, చిన్న ఫ్రిజ్, ఏసీ, ఇండక్షన్ స్టవ్ పెట్టించుకుంటారు. బారువ, కళింగపట్నం, శ్రీముఖలింగం అన్నీ చుట్టి సొంతూళ్లో ఇంటి పెరట్లోనో కళ్లంలోనో ఆపుతారు. ఆపిన కాసేపటికే కిటికీ ఊచల మధ్య నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ బయటికొస్తుంది. దాన్ని ఒక ఇటుక మీద పెట్టి, వాన పడకుండా పైన ప్లాస్టిక్ బకెట్ బోర్లిస్తారు.

రెండు రాత్రులే కదా అనుకుంటారు గానీ, ఇంట్లోని ఏ ప్లగ్గు కన్నా ప్రమాదమైనది ఆ ఇటుక మీదున్న ప్లగ్గే. బయట నేల తడిగా ఉంటుంది, మనుషులు చెప్పుల్లేకుండా తిరుగుతారు, పక్కనే నిలువెత్తు ఇనప బండి ఉంటుంది. అందుకే కారవాన్ కోసం బయట పాయింట్ పెట్టించేటప్పుడు, వరండాలో ఫ్యాను పాయింట్ పెట్టించినట్టు ఆలోచించకూడదు. పని చిన్నదే. దాని వెనకున్న లెక్క మాత్రం చాలామంది వైరింగ్ మేస్త్రులు కూడా తప్పుగా అర్థం చేసుకునేది.

ముందు బండి ఎంత కరెంటు లాగుతుందో చూసుకోవాలి. టన్ను ఏసీ సుమారు 1000 వాట్లు, ఇండక్షన్ స్టవ్ 2000 దాకా, బ్యాటరీ చార్జరు కొన్ని వందల వాట్లు. గీజరు ఉంటే అదొక్కటే 2000 నుంచి 3000. మన పవర్ ప్లగ్గు 16 యాంపులది, అంటే 230 ఓల్టుల దగ్గర 3680 వాట్లు. ఏసీ, స్టవ్, చార్జరు ఒకేసారి నడిస్తేనే అంచుకి వచ్చేస్తాం, గీజరుకి ఇక చోటు లేదు. పైగా 16 యాంపులు ఆ ప్లగ్గుకి గరిష్ఠ హద్దు. రాత్రంతా అంత లాగితే పిన్నులు వేడెక్కుతాయి. గంటల తరబడి నడిచే లోడు పది, పన్నెండు యాంపుల్లో ఉంచుకోవడం మంచిది. మీటరు మీదున్న కాంట్రాక్ట్ లోడు కూడా చూసుకోండి. ఒకటో రెండో కిలోవాట్లకి తీసుకున్న సర్వీసు మీద ఇంత భారం వేయాలంటే ముందు కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో అదనపు లోడుకి దరఖాస్తు పెట్టుకోవాలి.

తర్వాత వైరు. మన పల్లెల్లో ఇళ్లు వీధి గుమ్మం నుంచి పెరటి దాకా పొడుగ్గా సాగుతాయి. మీటరు వీధి వైపు ఉంటుంది, బండి వెనక ఉంటుంది. మధ్యలో 30 మీటర్ల వైరు అనుకుందాం, 15 యాంపుల లోడు అనుకుందాం. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో వచ్చే 1 స్క్వేర్ ఎంఎం వైరైతే దారిలోనే దాదాపు 20 ఓల్టులు పోతాయి. రెండున్నర వైరైతే సుమారు 8, నాలుగు వైరైతే 5 ఓల్టులు పోతాయి. సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న ఇళ్లలో ఓల్టేజీ ఎలాగూ 200 దగ్గర ఊగుతుంటుంది. అందులోంచి ఇంకో 20 పోతే ఏసీ కంప్రెసర్ మూలగడం తప్ప చేసేదేమీ లేదు. పోయిన ఆ ఓల్టులన్నీ వైరులో వేడిగా మారతాయి. వైరుని చుట్ట విప్పకుండా అలాగే వాడితే ఆ వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు. కాలిపోయిన త్రీ పిన్ టాప్‌ని ఎప్పుడైనా దగ్గరగా చూడండి. ఫేజు పిన్ను ఇత్తడి రంగు పోయి నల్లబడి ఉంటుంది, దాని చుట్టూ ఉన్న తెల్ల ప్లాస్టిక్ కాలిన అట్టులా గోధుమరంగుకి తిరిగి ఉబ్బి ఉంటుంది. మిగతా రెండు పిన్నులూ బాగానే కనబడతాయి. వదులుగా ఉన్న ఒక్క చోట గంటల కొద్దీ వేడి పుట్టిందని దానర్థం.

కాబట్టి డీబీ, అంటే మీటరు తర్వాత ఇంటి లైన్లన్నీ విడిపోయే పెట్టె, దాన్నుంచి నేరుగా ఒక విడి లైను రావాలి. దూరం తక్కువైతే రెండున్నర రాగి వైరు, ఎక్కువైతే నాలుగు. ఫేజు, న్యూట్రల్‌తో పాటు ఎర్తు వైరు కూడా డీబీ దాకా తెగకుండా ఉండాలి. వరండా లైటు బోర్డులోంచి లాగి కలిపేయడం వద్దు.

ఇంతవరకూ చాలామంది ఒప్పుకుంటారు. పేచీ వచ్చేది దీని తర్వాతే.

"ఎమ్‌సీబీ ఉంది కదండీ, ఇంకేటి భయం?"

వైరింగ్ పనివాళ్ల దగ్గర ఎక్కువగా వినబడే మాట ఇది. ఈ మాట ఎక్కడ తప్పుతుందో కాస్త నెమ్మదిగా చూద్దాం.

ఎమ్‌సీబీ అంటే కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయే స్విచ్చు. అది కాపాడేది వైరుని. లోడు ఎక్కువైనా, ఫేజు న్యూట్రల్ అంటుకుని షార్ట్ అయినా, వైరు కాలకముందే పడిపోతుంది. మనిషిని కాపాడడానికి దాన్ని తయారుచేయలేదు. ఇళ్లలో ఎక్కువగా వాడే సి రకం 16 యాంపుల ఎమ్‌సీబీ వెంటనే పడాలంటే దాని అంకెకి ఐదు నుంచి పది రెట్లు, అంటే 80 నుంచి 160 యాంపుల కరెంటు పారాలి.

ఇప్పుడు కారవాన్ లోపల ఏసీ వైరు ఒరుసుకుపోయి ఫేజు బండి బాడీకి తగిలిందనుకోండి. బండికి ఎర్తు వైరు ఉంది, ఇంటి ఎర్తు గొయ్యికి వెళుతుంది. కరెంటు ఆ గొయ్యిలోంచి మట్టిలోకి దిగి, మట్టిలోంచే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న ఎర్తుకి చేరాలి. మన ఇళ్లలో ఎక్కువ చోట్ల ఈ దారి ఇలాగే మట్టి మీదుగా ఉంటుంది. ఇంటి గొయ్యి నిరోధం 20 ఓంలు, అవతల ట్రాన్స్‌ఫార్మర్ వైపు 5 ఓంలు అనుకుందాం. 230ని 25తో భాగిస్తే 9.2 యాంపులు. అంతే.

16 యాంపుల ఎమ్‌సీబీకి 9 యాంపులంటే మామూలు లోడు. రోజంతా అలాగే పారనిస్తుంది. ఫ్యాను తిరుగుతుంటుంది, లైటు వెలుగుతుంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఆ సమయంలో బండి బాడీ మీద ఉండే ఓల్టేజీ ఎంత? 9.2 యాంపులు, ఇంటి గొయ్యి 20 ఓంలు: 184 ఓల్టులు. ఎర్తు ఉండి కూడా, ఎమ్‌సీబీ ఉండి కూడా.

లోపల కూర్చున్నవాళ్లకి ఏమీ తెలియదు. చుట్టూ ఉన్నదంతా ఒకే ఓల్టేజీలో ఉంటుంది, టైర్లు రబ్బరువి. మెట్టు దిగుతూ ఒక కాలు తడి నేల మీద పెట్టి చెయ్యి ఇంకా తలుపు పిడి మీదే ఉంచిన మనిషికి కొడుతుంది షాక్. లేదా ఆడుకుంటూ వచ్చి బండిని ముట్టుకున్న పిల్లకి. తడి ఒంటి నిరోధం సుమారు 1000 ఓంలు అనుకుంటే శరీరంలోంచి పారేది 180 మిల్లీ యాంపులకి పైన. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు.

గొయ్యి చాలా బాగుందనుకుందాం, రెండు వైపులా కలిపి 4 ఓంలే అనుకుందాం. అప్పుడు 57 యాంపులు పారతాయి. అదీ 80 కన్నా తక్కువే. ఎమ్‌సీబీ లోపలున్న రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగితేనే పడుతుంది, దానికి కొన్ని సెకన్లు పడుతుంది. షాక్‌లో ఇరుక్కున్న మనిషికి అన్ని సెకన్లు ఉండవు.

ఇక్కడ పనికొచ్చేది ఆర్‌సీసీబీ. ఇది కరెంటు ఎంత పారుతోందని చూడదు. ఫేజులో వెళ్లింది న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని మాత్రమే చూస్తుంది. పొద్దున మేతకి తోలిన పశువుల్ని సాయంత్రం దొడ్డి దగ్గర లెక్కపెట్టుకున్నట్టే. లెక్కలో తేడా 30 మిల్లీ యాంపులు దాటేలోపే పడిపోతుంది. తేడా సరిగ్గా 30 ఉన్నప్పుడు 300 మిల్లీ సెకన్లలోపు, తేడా పెద్దదైతే 40 మిల్లీ సెకన్లలోపు పడాలని ప్రమాణం. పైన చెప్పిన 9.2 యాంపులు దానికి చాలా పెద్ద తేడా. బండి బాడీకి ఫేజు తగిలిన క్షణంలోనే, ఎవరూ ముట్టుకోకముందే పడిపోతుంది. మన వైరింగ్ ప్రమాణం ఐఎస్ 732 కూడా బయట వాడే ఇలాంటి ప్లగ్గులకి 30 మిల్లీ యాంపుల రక్షణ ఉండాలనే చెబుతుంది.

మార్కెట్లో 100, 300 మిల్లీ యాంపులవి కూడా దొరుకుతాయి. అవి అగ్నిప్రమాదాలు ఆపడానికి, మనిషి కోసం కాదు. డబ్బా మీద 30 అని రాసుందో లేదో మీ కళ్లతో చూసి కొనండి. ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడు తెలియదు కాబట్టి పక్కన ఎమ్‌సీబీ కూడా ఉండాలి. రెండూ ఒకదాంట్లోనే ఉన్న ఆర్‌సీబీఓ దొరికితే ఇంకా సుఖం. కారవాన్‌లో చార్జర్లు, ఇన్వర్టర్ ఏసీలు ఉంటాయి కాబట్టి ఆర్‌సీసీబీల్లో 'ఏసీ' (AC) టైపు కన్నా 'ఏ' (A) టైపు తీసుకోవడం మేలు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి: ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీ కాపాడలేదు. దాని లెక్కలో తేడా రాదు.

ఊరికే పడిపోతోందని పీకేస్తే

చాలా ఇళ్లలో ఆర్‌సీసీబీ ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు పెట్టెలో అలాగే ఉంటుంది గానీ వైర్లు దాన్ని తప్పించుకుని వెళుతుంటాయి. మాటిమాటికీ పడిపోతోందని ఎవరో బైపాస్ చేసేశారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. పడిపోవడం దాని పని. ఎందుకు పడుతోందో వెతకడం మన పని.

కారణాలు సాధారణంగా కొన్నే ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఇంటి ఇన్వర్టర్. ఇల్లు కట్టిన కొన్నేళ్లకి ఇన్వర్టర్ పెట్టించినప్పుడు ఫేజు వైర్లు విడదీస్తారు గానీ న్యూట్రల్ వైర్లన్నీ పాత ముడిలోనే కలిపి ఉంచేస్తారు. ఒక లైనులో వెళ్లిన కరెంటు ఇంకో లైను న్యూట్రల్‌లో తిరిగొస్తుంది. ఆర్‌సీసీబీకి లెక్క తప్పుతుంది, పడుతుంది. తడి గోడలో పాత వైరు, నీళ్లు చేరిన బోరు మోటారు, పాత ఫ్రిజ్ కంప్రెసర్ ఆ తర్వాతి కారణాలు. వీటిలో మోటారు, ఫ్రిజ్ లీకులు నిజంగానే ప్రమాదం, కాబట్టి అవి పట్టుబడ్డం మంచిదే. ఇంటి మొత్తం వైరింగ్ ఇప్పుడే సరిచేయడం కుదరకపోతే, కనీసం బయటి పాయింటుకి డీబీ నుంచి సొంత ఫేజు, సొంత న్యూట్రల్, సొంత ఆర్‌సీబీఓ ఇప్పించండి. ఇంట్లో గొడవలు దాన్ని తాకవు.

ఇక ఎర్తు. ఆర్‌సీసీబీ ఉంటే ఎర్తు అంత బాగోకపోయినా ఫర్వాలేదా అంటే, లెక్క ప్రకారం కొంతవరకు నిజమేనని ఒప్పుకోవాలి. 20 ఓంల గొయ్యితో 30 మిల్లీ యాంపుల దగ్గర బాడీ మీద ఓల్టేజీ ఒక ఓల్టు కూడా ఉండదు. 100 ఓంలున్నా 3 ఓల్టులే. కానీ అసలు ఎర్తే లేకపోతే, మనిషి ముట్టుకున్నాకే ఆర్‌సీసీబీకి సంగతి తెలుస్తుంది. మొదటి దెబ్బ మనిషికే. కాబట్టి రెండూ కావాలి.

ఉద్దానం వైపు, సముద్రం ఒడ్డు ఊళ్లలో నేల ఇసుక. ఎండాకాలంలో పై ఇసుక పొడిగా అయిపోతే అందులో పాతిన గొట్టం చుట్టూ కరెంటుకి దారి ఉండదు. అందుకే గొట్టం తేమ అందే లోతుకి దిగాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసే పాత పద్ధతి గానీ ఇప్పుడు దొరికే ఎర్తింగ్ పౌడరు గానీ వాడాలి, వేసవిలో నీళ్లు పోస్తుండాలి. మోటారు పైపుకి ఒక తీగ చుట్టేసి ఇదే ఎర్తు అనడం కుదరదు. ఇప్పుడు చాలా పైపులు ప్లాస్టిక్‌వి.

దీనికన్నా ఘోరం ఇంకొకటుంది. ఎర్తు లేనిచోట ప్లగ్గు వెనక న్యూట్రల్ నుంచి చిన్న ముక్క వైరు తీసి ఎర్తు పిన్నుకి కలిపేస్తారు. టెస్టరు పెట్టినా, బల్బు పెట్టినా అంతా బాగున్నట్టే ఉంటుంది. పోలు దగ్గర న్యూట్రల్ ఊడిన రోజున మాత్రం ఇంట్లో వెలుగుతున్న లైటులోంచి, ఫ్యానులోంచి ఫేజు న్యూట్రల్ వైరులోకి వచ్చి, అక్కడి నుంచి ఆ ముక్క వైరు మీదుగా బండి బాడీ మీదకి చేరుతుంది. ఎర్తుకి స్విచ్చు ఉండదు కాబట్టి ప్లగ్గు స్విచ్చు ఆపేసినా ప్రమాదం పోదు. బ్రిటన్‌లో వీధి సరఫరాలోనే న్యూట్రల్, ఎర్తు కలిసి ఒకే తీగగా వచ్చే పద్ధతి విస్తారంగా ఉంది. అక్కడ కూడా ఆ ఎర్తుని కారవాన్ బాడీకి కలపకూడదని 2002 నాటి నిబంధనల్లోనే నిషేధించారు. కారవాన్ పాయింటుకి విడిగా ఎర్తు కడ్డీ పాతి ఇస్తారు. కారణం ఇదే, న్యూట్రల్ తెగితే బండి మొత్తం ఫేజవుతుంది. అక్టోబర్ వచ్చిందంటే తుఫాను గాలి కోసం ఎదురుచూసే మన జిల్లాల్లో న్యూట్రల్ తెగడం వింతేమీ కాదు.

ఉప్పుగాలిలో పెట్టె

శ్రీకాకుళం తీరంలో ఇంటి బయట బోర్డు రెండేళ్ల తర్వాత విప్పితే మొదట కనబడేది రంగు. రాగి వైరు కొస మీద ఆకుపచ్చ చిలుము, ఇనప స్క్రూ తలలు ఎర్రగా తుప్పు పట్టి స్క్రూడ్రైవరు గాడి కూడా మిగలదు. అడుగున చీమలు తోడిన మట్టి, ఒక మూల ఎండిపోయిన బల్లి. చిలుము పట్టిన చోట కరెంటు సరిగా పారక వేడి పుడుతుంది. ముందు చెప్పుకున్న నల్లబడ్డ పిన్ను కథ అక్కడే మొదలవుతుంది.

అందుకే ఇనప పెట్టె కన్నా ఎండకి తట్టుకునే పాలీకార్బొనేట్ పెట్టె మంచిది, టెర్మినళ్లు, స్క్రూలు ఇత్తడివి ఉండాలి. పెట్టె మీద ఐపీ అని రెండంకెలు ఉంటాయి. మొదటి అంకె దుమ్ము గురించి, రెండోది నీళ్ల గురించి. ఐపీ 44 అంటే చినుకులు చిలికినా ఫర్వాలేదని. వరండా చూరు కింద అది సరిపోతుంది. ఆరుబయట గోడ మీద, గాలి వాన అడ్డంగా కొట్టే మన చోట, ఐపీ 65 గానీ 66 గానీ తీసుకోండి. అయితే ఇది మూత మూసినప్పటి మాట. ప్లగ్గు పెట్టాక మూత పడని పెట్టె కొంటే ఆ అంకెకి విలువ లేదు. కారవాన్‌కి ప్లగ్గు రాత్రంతా ఉంటుంది కదా, ప్లగ్గుతో సహా మూత పడేదే కావాలి. వైరు పెట్టె కింద నుంచే లోపలికి వెళ్లాలి, వెళ్లేముందు కాస్త కిందికి వంపు తిరగాలి, అప్పుడు వైరు మీద జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. కన్నాల దగ్గర వైరు చుట్టూ బిగుసుకునే గ్లాండ్ పెడితే చీమలు, బల్లులు రావు.

ఎమ్‌సీబీని మాత్రం ఎండ తగిలే పెట్టెలో పెట్టకండి. దాన్ని 30 డిగ్రీల దగ్గర సరిచేసి అమ్ముతారు. మే నెల మధ్యాహ్నం పడమటి గోడ మీద పెట్టెలో వేడి దానికన్నా ఎంతో ఎక్కువ, తక్కువ లోడుకే పడిపోతుంది. ఎమ్‌సీబీ, ఆర్‌సీసీబీ ఇంట్లో డీబీలోనే ఉంచి బయట సాకెట్టు, దాని స్విచ్చు మాత్రం పెడితే సరి. ఎత్తు నడుము పైన, నాగావళి, వంశధార నీళ్లొచ్చే ఊళ్లలోనైతే ఎప్పుడో వచ్చిన వరద మరక కన్నా పైన. కుళాయి, బట్టలుతికే బండ దగ్గర వద్దు. వైరు నేలలోంచి పోవాలంటే ఆర్మర్డ్ కేబులు రెండున్నర అడుగుల లోతులో, పైన ఇసుక, ఇటుక పేర్చి.

సాకెట్టు ఏది అన్నది అంత పెద్ద సమస్య కాదు. విదేశీ పద్ధతిలో కట్టిన కారవాన్లకి నీలి రంగు ఇండస్ట్రియల్ ప్లగ్గు ఉంటుంది, మూడు గుండ్రటి పిన్నులది, 16 యాంపులు. ఇక్కడ కట్టించిన బళ్లలో కొన్నిటికి మన మామూలు 16 యాంపుల టాపే ఉంటుంది. నా మాట అడిగితే బండికీ గోడకీ నీలి రంగుదే పెట్టించండి. బిగుతుగా కూర్చుంటుంది, నీళ్లకి తట్టుకుంటుంది, ఇంట్లోని ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టదు కాబట్టి కిటికీ వైరు బెడద కూడా పోతుంది.

ఇంకో సంగతి, తుఫాను రోజుల గురించి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండూ ఇక్కడి కరెంటు పోళ్లని కుప్పలుగా కూల్చాయి. ఊళ్లకి కరెంటు రావడానికి రోజులకి రోజులు పట్టింది. అలాంటప్పుడు బయటి సాకెట్టు చూసి ఒక ఆలోచన వస్తుంది: రెండు వైపులా టాప్ ఉన్న వైరు చేసి, జనరేటర్ నుంచి గానీ కారవాన్ ఇన్వర్టర్ నుంచి గానీ కరెంటుని ఆ సాకెట్టులోంచి ఇంట్లోకి ఎక్కించేద్దామని. ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. మెయిన్ స్విచ్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు సర్వీసు వైరు మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరి, అక్కడ తిరగబడి 11 వేల ఓల్టులుగా లైనులోకి ఎక్కుతుంది. లైను చచ్చిందనుకుని పోలెక్కిన లైన్‌మన్ చేతిలో ఉండేది ఆ తీగే. వైరు సాకెట్టులోంచి ఊడితే బయటికొచ్చే పిన్నుల్లో కూడా కరెంటు ఉంటుంది. జనరేటర్ వాడాలనుకుంటే డీబీకి ముందు, ఒకసారికి ఒక్క వైపు కరెంటునే ఇంట్లోకి రానిచ్చే చేంజోవర్ స్విచ్ పెట్టించుకోవడం ఒక్కటే దారి.

ఈ పని లైసెన్సున్న కాంట్రాక్టరు చేతే చేయించాలి, నిబంధన కూడా అదే. డబ్బులిచ్చే ముందు ఆయన్ని నాలుగు పనులు మీ ఎదురుగా చేసి చూపించమనండి. ఎర్త్ టెస్టరుతో గొయ్యి ఎన్ని ఓంలో కొలిచి డీబీ మూత లోపల తేదీతో రాయించండి. సాకెట్టులో ఫేజు, న్యూట్రల్ తారుమారు కాలేదని చూపించమనండి. తారుమారైతే స్విచ్చు ఆపినా బండి లోపల వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కించండి. అయితే ఆ బటన్ పరీక్షించేది ఆర్‌సీసీబీని మాత్రమే, ఎర్తు ఉందో లేదో చెప్పదు. అందుకే నాలుగోది: టెస్ట్ ల్యాంపుని సాకెట్టులో ఫేజుకి, ఎర్తుకి మధ్య పెట్టమనండి. బల్బు ఒక్కసారి మెరిసి, లేదా మెరవకుండానే, లోపల డీబీలో టక్కుమని ఆర్‌సీసీబీ పడాలి. పడకపోతే ఎర్తు వైరు ఎక్కడో తెగి ఉందనో, ఆర్‌సీసీబీని తప్పించి వైరు కలిపారనో అర్థం. అది తేలేదాకా బండికి ప్లగ్గు పెట్టనివ్వకండి. ఆ తర్వాత నెలకోసారి టెస్ట్ బటన్ మీరే నొక్కవచ్చు. వర్షాకాలం ముందొకసారి, తుఫాను వెళ్లాకొకసారి మెయిన్ ఆపి పెట్టె మూత తీయించి చిలుము చూడమనండి.

బండి ఎక్కడికైనా బయల్దేరేటప్పుడు ముందు కారవాన్ లోపలి మెయిన్ ఆపండి, తర్వాత గోడ మీది స్విచ్చు, ఆపైన గోడ వైపు ప్లగ్గు, చివర బండి వైపుది తీయండి. వచ్చి పెట్టేటప్పుడు బండి వైపు నుంచి మొదలుపెట్టండి. ఆ వరస తప్పకపోతే కరెంటున్న వైరు కొస ఎవరి చేతిలోనూ ఉండదు.